అర్ధ శిస్తు, అర్ధ జీతం: ఖదీవ్ ఇస్మాయీల్ కాలపు ఈజిప్టు ఋణచరిత్ర

ఈజిప్టు దేశం 1882 సెప్టెంబరులో తల్ అల్ కబీర్ యుద్ధరంగంలో తన స్వపరిపాలనను పోగొట్టుకున్నదని చరిత్ర గ్రంథాలలో చదువుతాము. అది నిజమే గాని, అంతకు ఆరు సంవత్సరాల ముందే, 1876లో, ఆ దేశపు ఖజానా తాళపుచెవులు ఋణదాతల చేతికి చేరాయి. ఆ తరువాత జరిగినవన్నీ ఆ తాళపుచెవుల కథలోని ప్రకరణాలే.

ఈ కథను రెండు విధాలుగా చెప్పడం పరిపాటి. ఐరోపా రచయితలు, ముఖ్యంగా తరువాతి కాలంలో లార్డ్ క్రోమర్‌గా ప్రసిద్ధి చెందిన ఈవ్లిన్ బేరింగ్‌ను అనుసరించినవారు, తప్పంతా ఖదీవ్ ఇస్మాయీల్ పాషా దుబారాదేనని చెబుతారు. రాజభవనాలు, నాటకశాల, సూయజ్ కాలువ ప్రారంభోత్సవపు విందులు - ఇవి వారి సాక్ష్యాలు. మన రచయితలు చాలామంది అందుకు బదులుగా తప్పంతా పాశ్చాత్య వడ్డీ వ్యాపారులదేనంటారు. రెండింటిలోనూ సత్యం ఉంది. ఐతే ఈ రెండు కథనాలూ ఒక ప్రశ్నను దాటవేస్తాయి. అప్పు పెరుగుతున్న రోజుల్లో రాజ్యం తన రాబడిని ఎవరికి వదులుకుంది? అప్పు తీర్చవలసిన రోజు వచ్చినప్పుడు ఎవరి భత్యాన్ని ముందుగా కోసింది?

ఇది పాతబడిన ప్రశ్న కాదు. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుండి ఉద్యోగంలో చేరినవారికి పాత పింఛను పోయి, జీతంలో కోతతో నడిచే కొత్త పథకం వచ్చింది. పాత పింఛను భారాన్ని ఖజానా మోయలేదన్నది అందుకు చెప్పిన కారణం. 2019 సెప్టెంబరులో కేంద్రం కంపెనీల ఆదాయపు పన్నును 30 శాతం నుండి 22 శాతానికి తగ్గించినప్పుడు, ఏటా 1 లక్షా 45 వేల కోట్ల రూపాయల రాబడి పోతుందని ప్రభుత్వమే లెక్క చెప్పింది. మొదటిది ఖర్చు, రెండవది ప్రోత్సాహం అన్నారు. ఖజానా పుస్తకంలో మాత్రం రెండూ ఒకే వైపున పడతాయి. ఈ విషయంలో ఈజిప్టు అనుభవం మనకు స్పష్టమైన పాఠాంతరం.

రాజ్యం తన సేవకులకు, వారి వితంతువులకు భత్యమివ్వడం ఇస్లామీయ చరిత్రకు కొత్త కాదని మన పాఠకులకు తెలుసు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఏర్పడిన దీవాన్‌లో సైనికుల పేర్లతోపాటు స్త్రీల పేర్లు, పిల్లల పేర్లు కూడా వ్రాయబడ్డాయి. ఆ అతా అనేది దయాభిక్ష కాదు, పుస్తకంలో నమోదైన హక్కు. ఉస్మానియా పాలనలోని ఈజిప్టులో ఇటువంటి నమోదుల బాధ్యత రూజ్‌నామా అనే కార్యాలయానిది. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్ళీ వస్తుంది.

ఇక అప్పు సంగతి. విదేశాలలో మొదటి పెద్ద అప్పు 1862లో ఇస్మాయీల్‌కు ముందు పాలించిన సయీద్ పాషా చేశాడు. సూయజ్ కాలువ కంపెనీ వాటాలను పెద్ద ఎత్తున తలకెత్తుకున్నదీ ఆయనే. 1863లో ఇస్మాయీల్ గద్దెనెక్కేనాటికి అమెరికా అంతర్యుద్ధం మూలాన ప్రత్తి ధర ఆకాశాన్నంటుతున్నది. మన గుంటూరు, బీరారు రైతులు ఆనాడు ఎంత సంబరపడ్డారో నైలునది రైతులూ అంతే సంబరపడ్డారు. 1865లో ఆ యుద్ధం ముగియగానే ధర పడిపోయింది. ఖర్చు మాత్రం తగ్గలేదు. 1864లో నెపోలియన్ 3 మధ్యవర్తిగా ఇచ్చిన తీర్పు ప్రకారం, కాలువ కంపెనీకి వెట్టి కూలీలను ఆపివేసి, భూములను వెనక్కి తీసుకున్నందుకు ఈజిప్టు 8 కోట్ల 40 లక్షల ఫ్రాంకులు చెల్లించవలసి వచ్చింది. తన దేశపు రైతును తానే వెట్టి నుండి విడిపించినందుకు పరిహారమన్నమాట! 1866లో గద్దె తన సంతానానికే దక్కేటట్లు సుల్తాను ఫర్మానా పొందడానికి ఇస్మాయీల్ ఇస్తంబూలుకు పంపే కప్పాన్ని ఏటా 4 లక్షల లీరాల నుండి 7 లక్షల 50 వేల లీరాలకు పెంచుకున్నాడు.

ఒకదానిపై ఒకటిగా 1864, 1866, 1868, 1873 సంవత్సరాలలో అప్పులు వచ్చాయి. 1873 అప్పు ఒక్కటి చూస్తే చాలు. పత్రాలపై దాని విలువ 3 కోట్ల 20 లక్షల పౌన్లు. చేతికందింది 2 కోట్ల పౌన్లకు కాస్త పైన. అందులోనూ సుమారు 90 లక్షలు నగదు కాదు; బజారులో తక్కువ ధరకు కొన్న ఈజిప్టు ఖజానా హుండీలనే బ్యాంకర్లు ఎక్కువ ధర కట్టి తిరిగి అప్పగించారు. వడ్డీ మాత్రం మొత్తం 3 కోట్ల 20 లక్షలపై పడింది.

1875 చివర బ్రిటిషు ప్రభుత్వం తరఫున స్టీఫెన్ కేవ్ అనే పార్లమెంటు సభ్యుడు వచ్చి ఈజిప్టు లెక్కలు తనిఖీ చేశాడు. 1864 నుండి 1875 వరకు 12 సంవత్సరాల జమాఖర్చులను ఆయన ఒక పట్టికగా వేశాడు. దేశపు స్వంత రాబడి 9 కోట్ల 43 లక్షల పౌన్లు. సైన్యం, ఉద్యోగుల జీతాలు, పింఛన్లతో సహా మొత్తం పరిపాలనకైన ఖర్చు 4 కోట్ల 89 లక్షలు. సుల్తానుకు కప్పం 76 లక్షలు. ఈ రెండూ కలిపినా 5 కోట్ల 65 లక్షలే. ఇంకా 3 కోట్ల 78 లక్షల మిగులు కనబడుతున్నది! కాలువలు, రైళ్ళు, వంతెనలు మొదలైన నిర్మాణాల ఖర్చు 3 కోట్ల 2 లక్షలు కలిపినా ఆ రాబడిలోనే సర్దుకుంటుంది. లోటు ఎక్కడ పుట్టింది? సూయజ్ కాలువకు 1 కోటి 61 లక్షలు, అసాధారణ ఖర్చుల క్రింద 1 కోటి 5 లక్షలు, అప్పులపై వడ్డీ, వాయిదాల క్రింద 3 కోట్ల 49 లక్షలు. దీర్ఘకాలిక ఋణాల ద్వారా ఈ 12 ఏళ్ళలో చేతికందింది 3 కోట్ల 17 లక్షలే. అదిగాక 1 కోటి 82 లక్షల స్వల్పకాలిక హుండీలు నెత్తిమీద ఉన్నాయి.

ఈ పట్టిక ఈజిప్టు మిత్రులు వేసినది కాదు, ఋణదాతల దేశం నుండి వచ్చిన అధికారి వేసినది. గుమాస్తా జీతం గాని, సిపాయి పింఛను గాని ఆ దేశాన్ని ముంచలేదని ఇంతకన్నా బలమైన సాక్ష్యం అవసరం లేదు.

కాని ఈ పట్టికలో కనబడని నష్టం ఒకటుంది. అది రాబోయే సంవత్సరాల రాబడిని ముందుగానే అమ్ముకోవడం. దాని పేరు ముకాబలా.

1871 ఆగస్టులో ఆర్థికమంత్రి ఇస్మాయీల్ సిద్దీఖ్, ప్రజల నోట 'ముఫత్తిష్', ఈ చట్టం తెచ్చాడు. విషయం సులభమే. భూస్వామి తన భూమికి ఆరేళ్ళ శిస్తును ముందుగా, ఒకేసారి గాని వాయిదాల మీద గాని చెల్లించాలి. అందుకు బదులుగా ఆ భూమిపై శిస్తులో సగం శాశ్వతంగా రద్దవుతుంది. ఖరాజీ భూమి ఐతే పూర్తి యాజమాన్య హక్కు కూడా లభిస్తుంది. 'ముకాబలా' అంటే బదులు అని అర్థం. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) తన 'కితాబుల్ ఖరాజ్'లో శిస్తు వసూలును గుత్తకిచ్చే ఖబాలా పద్ధతిని ఖలీఫా హారూన్ రషీద్‌కు వద్దని చెప్పారు. ఖబాలా, ముకాబలా రెండూ ఒకే ధాతువు నుండి వచ్చిన మాటలు. ఆ గుత్త ఒక ఏడాది రాబడికో రెండేళ్ళ రాబడికో సంబంధించినది. ఇక్కడ గుత్తకు పోయింది ప్రళయం దాకా వచ్చే రాబడిలో సగం.

లెక్క కట్టి చూద్దాము. ఏటా 100 పియాస్తర్లు కట్టే భూస్వామి 600 ఇస్తాడు. ఆపైన ఏటా 50 మిగుల్చుకుంటాడు. పన్నెండేళ్ళలో ఇచ్చింది తిరిగి వస్తుంది. పదమూడవ ఏట నుండి అతనికి, అతని కొడుక్కు, మనుమడికి లాభమే. ఖజానా వైపు నుండి చూస్తే ఇది ఏటా 8⅓ శాతం వంతున ఎన్నటికీ తీరని అప్పు. ఐరోపా అప్పులు నిజానికి పడే వడ్డీతో పోలిస్తే ఇది చవకేనని ముఫత్తిష్ వాదించి ఉండవచ్చు. ఆ వాదనలో కొంత పస లేకపోలేదు. ఐతే ఐరోపా అప్పుకు, ఎంత అన్యాయమైనదైనా, ఒక చివరి వాయిదా ఉంటుంది. దీనికి అదీ లేదు. దేశమంతటి భూమిశిస్తు ఏటా సుమారు 50 లక్షల పౌన్లు. ముకాబలా పూర్తయిన నాటి నుండి ఏటా 25 లక్షలు పోతాయని కేవ్ హెచ్చరించాడు. మొదట ఇష్టముంటేనే అన్న చట్టం 1874లో నిర్బంధమైంది. వచ్చిన సొమ్ము పాత అప్పుల వడ్డీలోకి, హుండీలలోకి పోయింది.

ఈ చవక సరుకు ఎవరు కొనగలరు? చేతిలో ఆరేళ్ళ శిస్తు నిలవ ఉన్నవారు. పేద ఫల్లాహ్ కట్టాలంటే గ్రామంలోని గ్రీకు వడ్డీ వ్యాపారి దగ్గరకు పోవాలి. పైగా పెద్ద భూస్వాములకు అప్పటికే మరొక సదుపాయం ఉంది. ఈజిప్టు భూములలో నాలుగో వంతుకు పైగా 'ఉష్రీ' భూములు. వాటిపై శిస్తు ఖరాజీ భూముల శిస్తుకన్నా చాలా తక్కువ. షరీఅత్‌లో ఉష్ర్, ఖరాజ్ అనే మాటలకు గల అర్థానికి ఈ విభజనకు సంబంధం ఏమీ లేదు. ముహమ్మద్ అలీ పాషా, ఆయన వారసులు తమ కుటుంబీకులకు, సేనానులకు, అధికారులకు ఇచ్చిన భూములకు ఆ పవిత్రమైన పేరు తగిలించారు. తక్కువ శిస్తు భూమిలో మళ్ళీ సగం శిస్తు! ఐరోపా పౌరులైతే ఒడంబడికల మాటున చాలా పన్నులు కట్టనే లేదు. వారిపై ఇంటిపన్ను వేయడానికి 1885 దాకా ఆగవలసి వచ్చింది.

1874లోనే రూజ్‌నామా పేరుతో మరొక అప్పు తీసుకున్నారు. పౌరులు డబ్బు ఇస్తే ఏటా 9 శాతం వంతున శాశ్వత వర్షాశనం ఇస్తామన్నారు. 50 లక్షల పౌన్లు రావాలనుకున్నారు, రాలేదు. ఇచ్చినవారిలో చాలామంది అధికారుల ఒత్తిడికి లోబడి ఇచ్చినవారే. వారికి వర్షాశనం దాదాపు అందనే లేదు. భత్యాలు, వర్షాశనాలు నమోదయ్యే కార్యాలయపు పరువునే ఆ విధంగా తాకట్టు పెట్టారు.

1875 నవంబరులో కాలువ వాటాలు 1,76,602 బ్రిటిషు ప్రభుత్వానికి సుమారు 40 లక్షల పౌన్లకు అమ్ముడయ్యాయి. అవీ నెలలలో కరిగిపోయాయి. 1876 ఏప్రిల్‌లో ఖజానా హుండీల చెల్లింపు ఆగింది. మే నెలలో ఋణదాతల ప్రతినిధులతో 'ఋణ ఖజానా' అనే సంస్థ ఏర్పడింది. 9 కోట్ల 10 లక్షల పౌన్ల అప్పు ఒకటిగా కూర్చబడింది. ఆ మే నెల శాసనం ముకాబలాను రద్దు చేసింది. కాని నవంబరులో ఇంగ్లీషు ఋణదాతల ప్రతినిధి గోషెన్, ఫ్రెంచి ప్రతినిధి జూబేర్ కలిసి చేసిన ఏర్పాటులో అది మళ్ళీ ప్రాణం పోసుకుంది. ముకాబలా వాయిదాల సొమ్ము వస్తుంటేనే తమ వడ్డీ సక్రమంగా అందుతుందని వారి లెక్క. ముందున్న వడ్డీ కోసం దేశపు రేపటి రాబడిని అమ్మించడంలో ఋణదాతలకు అభ్యంతరం లేకపోయింది. ఆ నెలలోనే ముఫత్తిష్ ఖదీవ్ ఆజ్ఞపై పట్టుబడి హతుడయ్యాడు. చట్టం మాత్రం బ్రతికింది.

1877లో దేశపు రాబడి సుమారు 95 లక్షల పౌన్లు. అందులో 75 లక్షలకు దగ్గరగా ఋణదాతలకే పోయింది. కప్పం వగైరాలు పోగా దేశ పరిపాలనకు మిగిలింది ఇంచుమించు 10 లక్షల 70 వేలు. ఆ ఏడాది నైలునది సరిగా పొంగలేదు. 1878లో ఎగువ ఈజిప్టులో కరవు వచ్చింది. ఐనా 1878 మే నెల వడ్డీ వాయిదా కొరడా దెబ్బలతో, పొలంలోని పంటను ముందే అమ్మించి వసూలైంది. గుమాస్తాలకు, సిపాయిలకు నెలల తరబడి జీతాలు లేవు.

1878 ఆగస్టులో నూబార్ పాషా ప్రధానిగా, ఇంగ్లీషువాడైన రివర్స్ విల్సన్ ఆర్థికమంత్రిగా, ఫ్రెంచివాడైన దె బ్లీనియేర్ నిర్మాణశాఖ మంత్రిగా మంత్రివర్గం ఏర్పడింది. ఖర్చు తగ్గించడం దాని మొదటి పని. సుమారు 2,500 మంది సైనికాధికారులను అర్ధ జీతంపై ఇంటికి పంపాలని నిర్ణయించింది. వీరిలో చాలామందికి ఏడాదికి మించి బకాయిలున్నాయి. బకాయి ఇవ్వకుండానే ఇకమీదట సగమే అన్నారు! పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళు కొలువు చేసి, కొందరు అబిసీనియా యుద్ధంలో ప్రాణాలకు తెగించి వచ్చి, చివరకు కుటుంబాలతో అప్పులవాళ్ళ గుమ్మాల ముందు నిలబడవలసి వచ్చింది. 1879 ఫిబ్రవరి 18న ఈ అధికారులు కైరో వీధిలో నూబార్ పాషాను, విల్సన్‌ను పట్టుకున్నారు, వారిపై చేయి చేసుకున్నారు. ఖదీవ్ స్వయంగా వచ్చి గుంపును చెదరగొట్టించాడు. దీనిని ఖదీవే వెనుకనుండి నడిపించాడని కొందరంటారు. నడిపించి ఉండవచ్చు కూడా. కాని ఆకలి అతడు కల్పించినది కాదు గదా.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన రచనలలో సాధారణంగా దీనిని ప్రస్తావించరు. విల్సన్ తరువాత ప్రతిపాదించిన పథకంలో దేశం దివాలా తీసిందని ప్రకటించడంతో పాటు ముకాబలాను రద్దు చేయడం, ఉష్రీ భూములపై శిస్తును ఏటా 1 లక్షా 50 వేల పౌన్ల మేర పెంచడం కూడా ఉన్నాయి. ఈ రెండు అంశాలు, ఎవరి నోట వచ్చినా, న్యాయమైనవే. దీనికి జవాబుగా 1879 ఏప్రిల్‌లో పాషాలు, ఉలమాలు, వర్తకులు, శాసనసభ ప్రతినిధులు కలిసి 'జాతీయ ప్రణాళిక' సమర్పించారు. అందులో స్వదేశీ మంత్రివర్గం కావాలని, శాసనసభకు బాధ్యత వహించాలని కోరారు. ముకాబలాను కొనసాగించాలని కూడా కోరారు. దేశాభిమానం నిజమైనదే, అర్ధ శిస్తు మీద మమకారమూ నిజమైనదే. ఒకే కాగితం మీద ఆ రెండూ సంతకాలు చేశాయి. పరాయివాడు తన వడ్డీ కోసమైనా సరే పెద్ద భూస్వామిపై చేయి వేశాడు. మనవాడు జెండా పట్టుకున్నా ఆ భూస్వామి రాయితీని కాపాడాడు. అర్ధ జీతపు అధికారి ఈ ఇద్దరి మధ్య నలిగాడు. అందరికన్నా క్రింద ఫల్లాహ్ ఉన్నాడు.

ఖదీవ్ జాతీయ ప్రణాళికను స్వీకరించి, ఐరోపా మంత్రులను తొలగించాడు. 1879 జూన్ 26న ఇస్తంబూలు నుండి వచ్చిన తంతి 'మాజీ ఖదీవ్ ఇస్మాయీల్' అని సంబోధించింది. కుమారుడు తౌఫీఖ్ గద్దెనెక్కాడు. ఆ ఆగస్టులోనే కైరో నుండి బహిష్కరింపబడిన సయ్యద్ జమాలుద్దీన్ అఫ్ఘానీ మన హైదరాబాదుకు వచ్చాడు. ప్రకృతివాదుల ఖండనగా పేరుపొందిన ఆయన పారశీక గ్రంథం ఇక్కడే వెలువడింది. 1882లో ఈజిప్టులో కల్లోలం రేగినప్పుడు ఆంగ్ల ప్రభుత్వం ఆయనను కలకత్తాలో ఉంచింది.

1880 జనవరిలో ముకాబలా రద్దయింది. జూలైలో వచ్చిన ఋణపరిష్కార చట్టం ప్రధానమైన అప్పుపై వడ్డీని 4 శాతానికి తగ్గించింది. ముకాబలా క్రింద ముందుగా చెల్లించిన భూస్వాములకు పరిహారంగా ఏటా 1 లక్షా 50 వేల పౌన్లు, 50 సంవత్సరాలపాటు ఇవ్వాలని అదే చట్టం నిర్ణయించింది. చెల్లించిన దానితో పోలిస్తే ఇది చాలా తక్కువ. వారు అసంతృప్తి చెందడంలో వింత లేదు. ఒక విషయం గమనించాలి. ఋణదాతల హక్కు చట్టంలో వ్రాయబడింది. భూస్వామి హక్కు, కుదించబడినా, చట్టంలో వ్రాయబడింది. అర్ధ జీతంపై పోయిన అధికారికి మాత్రం యాభై ఏళ్ళ హామీ ఎవరూ వ్రాసి ఇవ్వలేదు.

అందుకే తరువాతి ఉద్యమం సైనిక శిబిరాల నుండి రావడం సహజం. 1881 ఫిబ్రవరిలో కర్నల్ అహ్మద్ ఉరాబీని, మరి ఇద్దరు అధికారులను నిర్బంధించగా వారి సిపాయిలే విడిపించుకున్నారు. 1881 సెప్టెంబరు 9న అబ్దీన్ భవనం ముందు ఆయన కోరినవి మూడు: మంత్రివర్గం తొలగింపు, శాసనసభ ఏర్పాటు, సైన్యాన్ని 18,000కు పెంచడం. ఋణదాతలకు ఈ మూడూ బడ్జెటుపై చేయివేయడంగానే కనిపించాయి. 1882 ప్రారంభంలో అసలు తగాదా కూడా అక్కడే వచ్చింది: అప్పులకు కేటాయించని రాబడిని ఎలా ఖర్చు పెట్టాలో శాసనసభ ఓటు వేయవచ్చునా? వీలులేదని ఇంగ్లండు, ఫ్రాన్సు అన్నాయి. జూలై 11న అలెగ్జాండ్రియాపై ఫిరంగులు ప్రేలాయి. సెప్టెంబరు 13న తల్ అల్ కబీర్‌లో ఉరాబీ సేన ఓడింది. అక్కడ బ్రిటిషువారి పక్షాన పంపబడిన భారత సేనలో మన దక్షిణాదివారైన మద్రాసు సాపర్లు ఉన్నారు. ఆ దండయాత్ర ఖర్చులో కొంత భారత ఖజానాపై, అంటే మన రైతు శిస్తుపై పడింది.

వడ్డీయే ఈ అనర్థాలన్నిటికీ ఏకైక మూలమని మన పండితులలో కొందరు వ్రాస్తారు. వడ్డీ చేసిన విధ్వంసం కేవ్ పట్టికలోనే ఉంది, కాదనలేము. కాని ముకాబలాకు ఎవరూ వడ్డీ అని పేరు పెట్టలేదు. అది భూస్వామికి పన్ను తగ్గింపు, ఖజానాకు సంస్కరణ. పేరు మారినంత మాత్రాన భారం మారలేదు. వడ్డీని నిషేధించి, ముకాబలాను అనుమతించే రాజ్యం కూడా అదే గోతిలో పడుతుందని నా అభిప్రాయం.

ఉష్రీ, ఖరాజీ భూముల మధ్య శిస్తు వ్యత్యాసాన్ని సరిచేసే పని 1899లో గాని మొదలు కాలేదు. 1876లో ఏర్పడిన ఋణ ఖజానా 1940 దాకా ఉంది.